నైట్‌అవుట్ బువ్వ

ఇటు జరుగుండ్రి, పొగ మీ కండ్లల్లకే కొడుతున్నది. ఆ కందికట్టెను ఇంకింత లోపటికి నూకు బిడ్డా. కందికట్టె దబ్బున అంటుకుంటది, దబ్బున ఆరుతది. కింద ఆ తుమ్మ మొద్దు ఉన్నది సూడు, తెల్లారేదాక నిప్పును కాసేది అదే.

రేపు కనుమ. యాట తెగుతది. ఇందాక మీరు మంచం కాడ మాట్లాడుకునేది ఇన్న. "నాకు బోటి వద్దు, తలకాయ వద్దు, మెత్తటి తునకలే ఎయ్యమను నానమ్మను" అని ఒకరు. "ఆ కాళ్ళు చూస్తెనే నాకు కడుపుల తిప్పుతది" అని ఇంకొకరు. నేను కోపానికి రాలె. మీకంటె నాలుగేండ్లు పెద్దగున్నప్పుడు నేను గూడ ఒక ఇంట్ల గిసుంటి మాటనే అన్న. అన్నది 1976ల. ఇన్నేండ్లాయె, కనుమ వచ్చినా, బోనాలు వచ్చినా ఆ మాట యాదికొస్తది. ఇయ్యాల అది చెప్త. గాని దానికంటె ముంగట కుప్పల ముచ్చట ఇనాలె.

నా చిన్నప్పుడు మన ఊర్ల మాంసం దుకాణం లేదు. దసరాకో, పోచమ్మ పండుగకో పది ఇండ్లోళ్ళు కూడి ఒక యాటను తెచ్చేది. మర్రిచెట్టు కింద మోదుగాకులు పరిచి కుప్పలు పెట్టేది. ఒక్కొక్క కుప్పల తొడ తునక, పక్కబొక్క, ఇంత కార్జం, ఇంత బోటి, గుండెకాయల ముక్క, అన్నీ పడాలె. ఒక కుప్పకు కార్జం తక్కువైతె నల్లిబొక్క ఒకటి ఎక్కువ ఏసేది. కుప్పలు అయినంక ఒక పిల్లగాన్ని అటు మొఖం తిప్పి నిలబెట్టి, ఎనుకనుంచి కుప్పను చూపిచ్చి "ఇది ఎవరిదిరా?" అని అడిగేది. వాడు పేరు చెప్తడు, ఆ కుప్ప ఆ ఇంటికి పోతది. ఎన్నిసార్లు నేను అట్ల నిలబడ్డనో. వాడు చిన్నోడు, వీడు పెద్దోడు అనేది ఆ లెక్కల ఉండకపోయేది. మెత్తది ఒక్కటే నాకు కావాలె అంటె కుప్పనే కుదరదు. తలకాయ, కాళ్ళు మాత్రం ఏరుగ పెట్టి పాట పాడేది. నల్ల మాత్రం మా ఇంట్లకు రాకపోయేది. నల్ల అంటె తెలుసు గదా, నెత్తురు. యాట కోసేటప్పుడు పళ్ళెంల ఉప్పేసి పడ్తె గడ్డకడ్తది. ఉడకబెట్టి ముక్కలు కోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ ఏసి ఏంచుతరు. కొన్ని వాడకట్టుల తినేది, కొన్ని వాడకట్టుల దాని పేరు గూడ తియ్యకపోయేది. ఎందుకని నేను ఒక్కనాడు అడగలె, నాకెవ్వరు చెప్పలె.

1974ల ఆర్టీసీల కండక్టర్‌గ చేరిన. మన బస్సుల పుట్టుక నిజాం కాలంలది. 1932ల 27 బస్సులు, 166 మంది పనోళ్ళతోని రైల్వే కిందనే మొదలైంది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. మేం చేరేనాటికి పల్లెకు బస్సు అంటె పెండ్లి లెక్క. ఎర్రబస్సు హారన్ ఇనపడంగనే పిల్లలు తొవ్వల నిలబడేది.

గప్పుడు నైట్‌అవుట్ అని ఒక డ్యూటీ. పొద్దుమూకిన ఆఖరి ట్రిప్పు దూరపు ఊరికి పోతది, రాత్రి ఆన్నే ఆగుతది, తెల్లారక ముందే మొదటి ట్రిప్పై పట్నం మొఖం పెడ్తది. డ్రైవరు, కండక్టరు బస్సుల సీట్ల మీదనో, బడి అరుగు మీదనో పండుకునేది. ఊర్ల హోటల్ ఉంటె మంచిదే, లేకుంటె ఎవరో ఒకరు ఇంట్లకు పిలిచేది. పైసలు ఇస్తమన్నా తీసుకోకపోయేది. పట్నం నుంచి ఆసుపత్రి మందో, పోరని ఫీజు కాయితమో మేం తెచ్చిపెట్టేది. ఆ లెక్క అట్ల సరిపోయేది.

నా జోడి డ్రైవర్ పాతబస్తీ మనిషి. నాకంటె పదిహేనేండ్లు పెద్ద. ఉర్దూ ఇంటి భాష, తెలుగు మాత్రం మన తీరుగనే మాట్లాడేది. నన్ను తమ్మీ అనేది, నేను అన్నా అనేది.

గా ఊరి పేరు చెప్ప. బస్సు నిలిచే కాడనే ఒక అవ్వ ఇల్లు ఉండె. ఆ దినం ఊర్ల పోచమ్మ పండుగ. చీకటైంది, మేం దిగినం, అవ్వ లోపటికి పిలిచి పీటలు ఏసింది. జొన్నరొట్టెలు పెట్టింది. ఇంకో గిన్నెల నల్లటి ముక్కలు, పొగలు కక్కుతున్నయి, మీద కొత్తిమీర. ఆమె మనుమలు ఇద్దరు గడప మీద కూసోని ఆ గిన్నె దిక్కే చూస్తున్నరు. వాళ్ళకు తక్కువ చేసి మాకు పెట్టిందని గప్పుడు నాకు తట్టలె.

"ఇదేందవ్వా?" అన్న.

"నల్ల బిడ్డా. పొద్దుగాల యాట కోసిండ్రు."

నేను గిన్నెను ఏల్లతోని అవతలికి నూకిన. "మేం గిసుంటియి తినం" అన్న.

అవ్వ ఏమనలె. గిన్నె తీసుకున్నది, లోపటికి పోయింది. మల్ల వచ్చేటప్పుడు చేతుల సల్ల చెంబు ఉన్నది గాని మొఖం మా దిక్కు లేదు.

గప్పుడు డ్రైవరన్న మాట్లాడిండు. "అమ్మా, మా మతంల నెత్తురు తినొద్దని ఉన్నది. ఇయ్యాల కూర గూడ నాకు నడవది. గాని నీ రొట్టె ఇడిచి నేను పోను. ఇంత ఎల్లిపాయ కారం నూరు, రెండు రొట్టెలు ఎక్కువ తింట" అన్నడు. అవ్వ మొఖం ఇప్పారింది. రోట్ల ఎండుమిరపకాయలు, ఎల్లిపాయ, ఉప్పు ఏసి నూరింది. ఆయన నాలుగు రొట్టెలు తిన్నడు. ఒక్కొక్క రొట్టెకు "ఎంత సన్నగ చేసినవమ్మా" అన్నడు. ఇద్దరం తినమనే చెప్పినం. ఆయన మాటకు ఇంట్ల దీపం ముట్టిచ్చినట్టయింది, నా మాటకు ఆర్పినట్టయింది.

రాత్రి బస్సుల పండుకున్నంక చీకట్లనే అడిగిండు. "తమ్మీ, నీకు నచ్చకపోతె నేను తినను అనాలె. మేం తినం అని ఎందుకన్నవ్? మేం అంటె ఎవరు?"

నాకు జవాబు రాలె. నేను తినను అంటె అది నా నాలుక ముచ్చట. ఆకలి లేదో, అలవాటు లేదో, అవతలి మనిషి సమజు చేసుకుంటది. మేం తినం అంటె అది కులం ముచ్చట. మేం పైన, మీరు కింద అని బువ్వ కాడ కూసోబెట్టి చెప్పినట్టు. ఆమె పిలిచి పీట ఏసిన ఇంట్ల నేను ఆమెకు ఆమె జాగ చూపిచ్చిన. గా రాత్రి నిద్ర పట్టలె.

వారం తిరిగినంక మాకు పట్నం ట్రిప్పు పడ్డది. తెల్లారగట్ల నాలుగింటికి గౌలిగూడల దిగినం. మీకు తెలిసిన ఇమ్లిబన్ బస్‌స్టాండు 1994ల వచ్చింది. మా కాలంల గౌలిగూడనే అన్నింటికి పెద్దది. ఇమానాలు పెట్టే హ్యాంగర్ అది, ఇనుప రేకుల పెద్ద గుమ్మటం లెక్క. బస్సులు దాని కడుపులకు పోయి నిలబడేది. 2018 జూలైల అది కూలిపోయిందని టీవీల చూసిన్నాడు నాకు బువ్వ పోలె.

అన్న నన్ను నడిపిచ్చుకుంట అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీద మూసీ దాటి, మదీనా కాడికి తీసుకపోయిండు. చలి. పత్తర్‌గట్టి కమాన్ల కింద మనుషులు ఇంకా ముడుచుకోని పండుకున్నరు. ఒక సందుల మాత్రం దీపం, పొగ, పదిహేను మంది. దేగ్ మూత అప్పుడే తీసిండ్రు.

అది నహారీ. అరబ్బీల నహార్ అంటె పగలు, అందుకే పొద్దుపొడుపు తిండి. రాత్రి పొయ్యి మీద కాళ్ళు, నాలుక ఏసి, మసాలా దినుసులన్నీ గుడ్డల మూట కట్టి అండ్ల ఇడుస్తరు. ఆ మూటను పోట్లీ అంటరు. మూత చుట్టూ పిండి ముద్ద పెట్టి ఆవిరి పోకుండ మూస్తరు. సన్నటి సెగ మీద రాత్రంత ఉడుకుతది. కట్టె ఎక్కువైతె అడుగంటుతది, తక్కువైతె కాళ్ళు ఉడకయి. ఒక మనిషి రాత్రంత మేలుకోని ఆ సెగ కాయాల్సిందే.

అన్న రెండు పళ్ళేలు చెప్పిండు. నా ముంగట పెట్టక ముందే చెయ్యి అడ్డం పెట్టి అన్నడు: "ముందు చెప్త, తర్వాత తిను. ఇవి మేక కాళ్ళు, పాయా అంటరు. ఇది జబాన్, నాలుక. చెప్పకుండ పెట్టి తిన్నంక నవ్వుడు మంచి పని కాదు. తినబుద్ధి కాకుంటె కుల్చా, చాయ్ ఉన్నది."

ఈ మాట మీరు గట్టిగ యాది పెట్టుకోండ్రి. దోస్తులు పోయి, ఏందో చెప్పకుండ తినిపిచ్చి ఆటలాడుతుంటరు. అది మనిషి నమ్మకాన్ని తినుడు.

నేను తింట అన్న. అవ్వ ఇంట్ల చేసిన తప్పుకు ఇక్కడ బాకీ తీర్చుకుందామని అన్న గాని, మొదటి ముక్క నోట్ల పెట్టుకున్నంక బాకీ మరిచిపోయిన. నాలుకను ఉడుకు నీళ్ళల్ల ముంచి, పైన గరుకు తోలును ఒల్చి గీకుతరు. ఇగ మిగిలేది వెన్న లెక్క ఉంటది. తొడ తునకల ఉండే పీచు అండ్ల దొరకది. పాయా ఏరే తీరు. రసం తాగితె పెదవులు ఒకదానికొకటి అతుక్కుంటయి. కాళ్ళల్ల నరాలు, తోలు కరిగి రసంల దిగితెనే అట్ల అతుక్కుంటది, అది లేకుంటె ఉడకలేనట్టు. నిమ్మకాయ పిండుకోని, కుల్చా తుంచి ముంచుకోవాలె.

కుల్చా తందూరుల నుంచి అప్పుడే తీసింది, నాలుగు మూలలది. చార్‌కోనీ అంటరు. పురానీ హవేలీ కాడ మున్షీ నాన్ దుకాణం 1851 నుంచి ఉన్నదని అన్న చెప్పిండు. కుల్చా కథ గూడ ఆ బల్ల మీదనే ఇన్న. మొదటి నిజాంకు ఒక ఫకీరు కుల్చాలు పెట్టిండట, ఆయన ఏడు తిన్నడట, ఏడు తరాలు ఏలుతవని ఫకీరు దీవిచ్చిండట. అసఫ్ జాహీ జెండా నడుమ గుండ్రంగ ఉండేది ఆ కుల్చానే అని పాతబస్తీల చెప్పుకుంటరు. ఏడుగురు నిజాంలు ఏలింది మాత్రం నిజమే.

ఆ బల్ల మీద మాతోని ఎవరెవరు తిన్నరో చెప్త. ఒక రిక్షా తొక్కేటోడు. బేగంబజార్ల మూటలు మోసే హమాలీలు ఇద్దరు. తాలీంల కసరత్తు చేసొచ్చిన పహిల్వాన్ ఒకాయన, రెండు పళ్ళేలు ఆయనొక్కనికే. షేర్వానీ ఏసుకున్న ముసలాయన, కోర్టుల గుమాస్తా అంట. బెంచి జాగ చాలక మోకాళ్ళు తాకుకుంట కూసున్నం. ఎవరి నల్లిబొక్క గట్టిగ ఉంటె వాళ్ళు పళ్ళెం అంచుకు కొట్టి మూలుగను దులుపుతున్నరు. నేను కొట్టరాక తంటాలు పడుతుంటె షేర్వానీ ఆయన నా చేతిలకెల్లి బొక్క తీసుకోని, కొట్టి, మూలుగను నా కుల్చా మీద ఏసిచ్చిండు. నా పేరడగలె, నా ఊరడగలె.

ఆ తర్వాత నా నాలుకకు ధైర్యం వచ్చింది. ఎనభైలల్ల కర్నూలు దిక్కు డ్యూటీ పడ్డప్పుడు ఆడి డ్రైవర్లు రాగిసంగటి, తలకాయ పులుసు తినిపిచ్చిండ్రు. సంగటి ముద్దను నడుమ ఏలుతోని గుంత చేసి పులుసు పోస్తరు. నమిలేది లేదు, పులుసుల పొర్లిచ్చి మింగుడే. తలకాయను నిప్పుల మీద కాల్చి, కత్తితోని ఎంట్రుక మిగలకుండ గీకి, పసుపు రాసి కడిగి, అప్పుడు కొడ్తరు. భేజా ఏరుగ తీస్తరు, లేకుంటె కూరల కరిగిపోతది. గసగసాలు, ఎండుకొబ్బరి నూరి ఏసిన ఆ పులుసును మించినది నేను ఇప్పటికి తినలె. ఆ మెస్‌ల ఎనుక అర్రల ఇద్దరు ఆడోళ్ళు పొద్దుగాల నుంచి తలకాయలు గీకుతనే ఉన్నరు. చేతులు మసి, చెవుల మసి. బిల్లు ఇచ్చేటప్పుడు వాళ్ళకు గూడ దండం పెట్టి వచ్చిన.

ఈ మంటను చూస్తె అరకు యాదికొస్తది. 2010ల రిటైరైన, మల్లేడు పింఛనుదార్లం పన్నెండు మందిమి విశాఖపట్నం పోయి, కిరండూల్ రైలెక్కినం. యాభైకి పైన సొరంగాలు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్ల ముసలోళ్ళం పిల్లల లెక్క కూత పెట్టినం. అరకుల దిగినంక తొవ్వ పక్కన గిరిజన పిల్లలు బొంగులో చికెన్ చేస్తున్నరు. పచ్చి బొంగునే కోస్తరు, ఎండు బొంగు మండిపోతది. ఒక దిక్కు కణుపు మూసి ఉంటది. ఉప్పు, కారం, మసాలా కలిపిన కోడి తునకలు అండ్ల కూరి, మూతికి ఆకు కుక్కి, మంట మీద పెట్టి తిప్పుతనే ఉంటరు. సుక్క నూనె ఉండది. బొంగుల ఉన్న నీరే ఆవిరై లోపల కూరను ఉడకేస్తది. బొంగు బయట బొగ్గు లెక్క నల్లగైనంక దులిపితె ఆకుల పడ్తది, ఆ వాసన పచ్చి అడివి వాసన. మా పన్నెండు మందిల ఒకాయన ఉల్లిగడ్డ గూడ ముట్టడు. ఆయన మా నడుమనే కూసోని పెరుగన్నం తిన్నడు. "నేను తినను గాని వాసన మాత్రం మస్తున్నది" అన్నడు. నేను తినను అన్నడు, ఇన్నరా?

అవ్వ ముచ్చట సగంల ఇడిచిన. నాలుగు నెలలకు మల్ల ఆ ఊరు నైట్‌అవుట్ పడ్డది. పట్నం నుంచి ఆమె మనుమలకు బిస్కెట్ పుడలు తీసుకపోయిన. "అవ్వా, ఆనాడు తెల్వక అన్న. ఈసారి ఏం పెట్టినా తింట" అన్న. ఆమె కొంచెం సేపు నన్నే చూసింది. "రేపు ఆయితారం, యాట తెగుతది. పొద్దుగాల బస్సు ఆలస్యమైతె బోటి వండుత" అన్నది. బస్సు ఆలస్యం కాదు గదా. ఆ మల్ల నెలల సెలవు పెట్టుకోని, నా పైసలతోని టికెట్ కోసుకోని పోయిన.

పోయినంక నాకు తినుడు కంటె ముంగట కడుగుడు చేతికొచ్చింది. బాయికాడ కూసోబెట్టింది. పేగులను సన్న పుల్లతోని లోపటి దిక్కు బయటికి తిప్పాలె, చినగొద్దు. పొట్టను సున్నం కలిపిన ఉడుకు నీళ్ళల్ల ముంచి తీసి, నల్ల పొర పోయేదాక గీకాలె; కింద తువ్వాల లెక్క తెల్లగ తేలుతది. పసుపు, ఉప్పు ఏసి రుద్దాలె. ఏడు నీళ్ళు పొయ్యాలె. ఆరు నీళ్ళకు నేను అయిందన్న, ఆమె వాసన చూసి ఇంకోటి పొయ్యమన్నది. రెండు గంటలు పట్టింది, నా నడుము ఇరిగింది. గంత పని చేసి పెట్టిన గిన్నెనా నేను ఏల్లతోని నూకింది అని ఆ బాయికాడ అనుకున్న. బోటిని ఒక ఉడుకు ఉడికిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, పుంటికూర ఏసి వండింది. ముగ్గురం ఒకటే తల్లెల తిన్నం, నేను, ఆమె పెద్ద మనుమడు, చిన్న మనుమడు.

మల్లేడు పోచమ్మ పండుగకు నల్ల గూడ తిన్న. కార్జం లెక్క ఉంటది, కొంచెం పొడిపొడి. నిజం చెప్తున్న, నాకు అంత నచ్చలె. రెండు ముక్కలు తిని, "నాకు ఇది అలవాటు లేదవ్వా, రెండే తింట" అన్న. "రెండు తిన్నవు గదా, చాలు బిడ్డా" అన్నది.

2019 పశుగణనల గొర్రెల లెక్కకు దేశంల మన తెలంగాణదే మొదటి జాగ. 1 కోటి 90 లక్షల గొర్రెలు. ప్రతి గొర్రెకు ఒకటే తలకాయ, ఒకటే నాలుక, నాలుగే కాళ్ళు, ఒక బోటి. అందరు మెత్తటి తునకలే అడుగుతున్నరు. గీకేటోళ్ళు, కడిగేటోళ్ళు తక్కువైతున్నరు. మన ఊర్ల బోటి సక్కగ కడగొచ్చినోళ్ళు ఇప్పుడు నలుగురం ఉన్నం, నలుగురం డెబ్బై దాటినోళ్ళమే.

తుమ్మ మొద్దు అంటుకున్నది, ఇగ పండుకోండ్రి. రేపు ఆరింటికి యాట తెగుతది. బోటి నేనే కడుగుత. బాయికాడికి ఇద్దరు రాండ్రి, ఒకరు నీళ్ళు తోడాలె, ఒకరు నా పక్కన కూసోని పుల్ల పట్టాలె. ఏడు నీళ్ళు అయినంక గూడ తినబుద్ధి కాకుంటె, "నేను తినను తాతా" అని చెప్పుండ్రి. మీకు తునకలే పెట్టమంట.